అడగవలసిన మాట

పెద్దక్క చేయి చల్లగా ఉండగా నేను పట్టుకోవడం అదే మొదటిసారి. బోధన్‌లో, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీకి దగ్గరలో ఉన్న వాళ్ల ఇంటి ముందుగదిలో ఆమెను పడుకోబెట్టారు. నేను వెళ్లేసరికి పాస్టరుగారు ప్రార్థన ముగించి మంచినీళ్లు తాగుతున్నారు. దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టాను. పెట్టాక నాకే సిగ్గేసింది. నర్సుకు మనిషిని ఇంకోలా ముట్టుకోవడం రాదేమో.

బతికున్నన్నాళ్లూ చల్లటి చేతులతో ఆమె ఎవ్వరినీ ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని, ముందు తన చెంపకు ఆనించి చూసుకునేది. ఆ తర్వాతే రోగి దగ్గరికి. కొత్తగా చేరిన మేం నలుగురం ఆమె వెనక నిలబడి అలాగే చేతులు రుద్దుకుని, ఒకరి చెంపలు ఒకరం తడుముకుని నవ్వుకునేవాళ్లం. ఒకరోజు గిర్రున వెనక్కి తిరిగింది. మా ప్రాణాలు పైకే పోయాయి. "వేడిగున్నయా?" అని మాత్రం అడిగి, తన పని మీద తను పోయింది.

నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి, అందులో ఆడవాళ్ల వార్డు. ఆమె ఆ వార్డుకు ఇన్‌చార్జి, నేను కాంట్రాక్టు మీద చేరిన స్టాఫ్ నర్సును. డాక్టర్లతో సహా అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆ రోజు బోధన్ ఇంట్లో కూడా అందరూ ఆ పేరుతోనే తలుచుకున్నారు. ఎవరో ఒకాయన నా వైపు చూసి, "ఆసుపత్రి నుంచి వచ్చిండ్రు గద, రెండు మాటలు చెప్పుండ్రి" అన్నాడు. లేచి నిలబడ్డాను, దండం పెట్టి కూర్చున్నాను. నేను చెప్పవలసింది ఆమె మంచితనం గురించి కాదు, నా తప్పు గురించి. అది రెండు మాటల్లో అయ్యే పని కాదు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను.

ఆమె దేవత ఏమీ కాదు. దూది దగ్గర పరమ పిసినారి. ఎవరైనా సెంటు కొట్టుకుని డ్యూటీకి వస్తే ముక్కు మూసుకుని దూరంగా జరిగేది, అదీ నలుగురూ చూస్తుండగా. వార్డులోకి కంప్యూటరు వచ్చాక దాని ముందు కూర్చున్నప్పుడల్లా ఆమెకు చెమటలు పట్టేవి. మందుల గది ఆయనతో ఎప్పుడో మాటామాటా వచ్చిందట. ఆయన రిటైరయ్యే దాకా ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు, చీటీలు మాతో పంపేది. చాయ్ చక్కెర లేకుండా తాగేది. "షక్కర్ ఫ్యాక్టరీ ఊర్ల పుట్టి గిదేం చాయ్ అక్కా" అని వార్డు ఆయమ్మ ఎగతాళి చేస్తే, "చిన్నప్పుడే నాకు రావాల్సినదంత తినేసిన" అనేది.

రోజూ పొద్దున బోధన్ నుంచి బస్సులో వచ్చేది. అందరికంటే అరగంట ముందు. వచ్చీ రాగానే రిజిస్టరు ముట్టేది కాదు. ఒట్టి చేతులతో వార్డంతా ఒక చుట్టు చుట్టేది. ఎందుకని అడిగాను ఒకసారి.

"కాయితం సూసి మనిషిని సూస్తే కాయితమే కనబడ్తది" అంది.

నాడి చూసినప్పుడు నిమిషం నిండా చూసేది. మేం పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించి రాసేసేవాళ్లం. నర్సింగు బడిలో అలా కూడా నేర్పారు, తప్పేం లేదు. ఆమెకు మాత్రం నచ్చేది కాదు. పెదాలు కదుపుతూ, తెలుగులో, డెబ్బై ఒకటి డెబ్బై రెండు అని లెక్కపెట్టేది. ఆ నిమిషంలో పక్కన పెద్ద డాక్టరు వచ్చి నిలబడ్డా తల ఎత్తేది కాదు.

మంచం నెంబరు చెప్పి ఎవరినైనా పిలిస్తే ఆమెకు వినబడేది కాదు. "అక్కా, పన్నెండుకు జ్వరం వచ్చింది" అంటే మన మొహంలోకి చూస్తూ నిలబడేది. "అక్కా, ధర్పల్లి అవ్వకు జ్వరం వచ్చింది" అంటే అప్పుడు కదిలేది. సరిహద్దు అవతలి నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన మరాఠీ ఆడవాళ్లు చేరితే, "దుఖతయ్ కా బాయీ?" అంటూ నొప్పిగా ఉందా అని వాళ్ల భాషలోనే అడిగేది. ఆ నాలుగు ముక్కలూ అంగట్లో కూరగాయలు కొంటూ నేర్చుకున్నవి. ఆ మాట వినబడగానే వాళ్ల మొహాలు విప్పారేవి.

ఇక తిట్లు. రోగుల ముందు ఒక్క మాట అనేది కాదు. "గుడ్డల రూముకు రా" అనేది, చిన్నగా. దుప్పట్లు, దిండు గలీబులు పేర్చి ఉండే ఇరుకు గది అది. ఆ మాట వినబడితే మాకు చేతులు చల్లబడిపోయేవి. లోపల తలుపు దగ్గరికి వేసి, ఏం జరిగిందో మనతోనే మొదటి నుంచి చెప్పించేది. చెప్తుంటే మన తప్పు మనకే వినబడేది. తిట్టాల్సిన పని చాలాసార్లు ఆమెకు మిగిలేది కాదు.

ఇప్పుడు నా సంగతి. ఆ రోగిది ఏ ఊరు, అది ఏ ఏడు అన్నది కావాలనే చెప్పడం లేదు. పసుపు ఉడకబెట్టే రోజులు. ఒక శనివారం పొద్దున ఒక ముసలామెను తీసుకొచ్చారు. కడాయిలోంచి పసుపు తీస్తుంటే మరిగే నీళ్లు పాదం మీద పడ్డాయి. వెంట కొడుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నిదానమైన మాట, పెద్దమనిషి తీరు. వాళ్ల ఊరి అభివృద్ధి కమిటీలో ఆయన ముఖ్యుడు. మా దిక్కు ఊళ్లలో కట్టుబాట్లు పెట్టేది ఆ కమిటీలే, వాటి మాట దాటే ధైర్యం ఎవరికీ ఉండదు. ఊళ్లో కల్లు బందు పెట్టించామని, తాగినట్టు తెలిస్తే జుర్మానా వేస్తున్నామని నేను అడగకుండానే ఆయన చెప్పాడు. చెప్తుంటే గొంతులో గర్వం ఉంది.

రోగిని చేర్చుకునే కాగితంలో చివరన 'అలవాట్లు' అని ఒక గడి ఉంటుంది. మా జిల్లాలో ఆ గడి చిన్న విషయం కాదు. ఇక్కడ చాలాచోట్ల అమ్మే కల్లులో మత్తుమందు కలుపుతారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనిపోనివి కనబడతాయి, మూర్ఛలొస్తాయి. ప్రాణమే పోవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు మందులతో మెల్లమెల్లగా మాన్పిస్తారు.

ఇదంతా నాకు తెలియక కాదు. కమ్మర్‌పల్లి దగ్గర మా ఊళ్లో మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, పొద్దున్నే కల్లు సీసా పక్కన పెట్టుకుని నాకు జడలు వేసేది. నర్సింగు చదవడానికి హైదరాబాదు పోయాక హాస్టల్లో పిల్లలు, "మీ దిక్కు పాలు మాన్పించి కల్లు పోస్తారట కదా" అని ఆటపట్టించారు. మా ఇంట్లో ఎవరూ ముట్టరని ఒట్టేసి చెప్పాను. ఆ ఒట్టు దగ్గర్నుంచి, కల్లు తాగుతారా అన్న ప్రశ్న నా గొంతు దాటి బయటికి రాలేదు. ఎవరిని అడగబోయినా మా బాపమ్మే ఎదురుగా కూర్చున్నట్టుండేది.

అవ్వ మొహం చూశాను. నుదుట పచ్చబొట్టు, సరిగ్గా మా బాపమ్మకు ఉన్నట్టే. పక్కన కల్లు బందు పెట్టించిన కొడుకు. ఇప్పుడు అడిగితే ఆమె పరువు తీసినట్టే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. 'లేవు' అని రాశాను. అవ్వను అడగలేదు, కొడుకును అడగలేదు. నా సిగ్గుకు మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

ఆదివారం పెద్దక్కకు సెలవు, చర్చికి పోతుంది. ఆ రోజంతా అవ్వకు ఒకటే చెమటలు, ఒకటే దొర్లడం. కాలిన నొప్పి అనుకున్నాం. సోమవారం పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి మంచం వణికేలా వణుకుతోంది. గోడ మీద మేకలెక్కాయని, చేను మేసేస్తున్నాయని వాటిని అదిలిస్తోంది. కాలి కట్టు పీకేసుకుంటుంటే భయపడి, రెండు చేతులూ కట్టుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టేశాను. కాసేపటికి అందరి ముందూ మూర్ఛ వచ్చింది. డాక్టరు పరుగున వచ్చారు. సూది వేస్తే మూర్ఛ ఆగింది. కాగితం తిరగేసి, అలవాట్లు లేవని చూసి, తలలో ఏదో అయ్యుంటుంది, హైదరాబాద్ పంపిద్దామన్నారు. కొడుకు అంబులెన్సు కోసం ఫోన్లు మొదలుపెట్టాడు.

బోధన్ బస్సు ఆలస్యమై, అప్పుడు వచ్చింది పెద్దక్క. ఒట్టి చేతులతో నేరుగా అవ్వ మంచం దగ్గరికి వచ్చి, కట్లు చూసింది.

"ముందుగాల ఇప్పు. తర్వాత మాట్లాడుదం."

విప్పాను. అవ్వ మణికట్ల మీద ఎర్రగా గుర్తులు పడ్డాయి. పెద్దక్క వాటిని మెల్లగా రాస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"అలవాట్లు అడిగినవా?"

"అడిగిన అక్కా."

అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకు అంతకుముందు తెలియదు. ఆమె మణికట్లు రాయడం ఆపకుండానే, "సరే. ఇంకోపారి అడుగుదం పా" అంది.

కొడుకును కింద మందుల గదికి ఒక చీటీతో పంపింది. మంచం చుట్టూ తెర లాగింది. నన్ను ఉండమంది. అవ్వ కళ్లకు తన కళ్లు కాస్త కిందగా ఉండేలా స్టూలు మీద వంగి కూర్చుంది. ఒక చేయి అవ్వ చేతి మీద.

"అవ్వా, పొద్దుగాల తాగుతవా, మాపటికా?"

తాగుతావా అని అడగలేదు. లోకంలో అందరూ తాగేదే, వేళ ఒక్కటే తెలియాలి అన్నట్టు అడిగింది. సూది మత్తులో ఉన్న అవ్వ కళ్లు తెరిచి, తెర వైపు చూసింది.

"నా కొడుకు లేడా?"

"కిందికి పోయిండు."

"రెండు పూటల" అంది అవ్వ. "పొద్దుగాలొక సీస, మాపటికొక సీస. ఊర్ల బందు పెట్టిండ్రు గద బిడ్డా, కూలికొచ్చే ఆమె పక్కూరి నుంచి తెస్తది. నీ కాళ్లు మొక్కుత, నా కొడుక్కు చెప్పకు. ఊర్ల తలెత్తుకోలేడు."

"నువ్వొద్దంటే చెప్ప. డాక్టరుకు మాత్రం చెప్పాలె, మందియ్యాలె గద. డాక్టరు గూడ ఎవ్వలకు చెప్పడు."

పది నిమిషాల్లో హైదరాబాద్ ప్రయాణం ఆగిపోయింది, మందు మారింది. ఇంకో మూర్ఛ రాలేదు. పెద్దక్క కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నేను 'లేవు' మీద దిద్దబోతే చేయి పట్టుకుంది. దాని మీద ఒక్క గీత గీయించి, కింద అవ్వ చెప్పింది రాయించి, టైము వేయించి, సంతకం పెట్టించింది. "కొట్టేసింది గూడ కనబడాలె" అంది. ఇక గుడ్డల రూముకు పిలుస్తుందని సాయంత్రం దాకా చూశాను. పిలవలేదు.

గురువారానికి అవ్వ లేచి కూర్చుంది, గోడ మీద మేకలు పోయాయి. డాక్టరు ఇంటికి పంపవచ్చన్నారు. పెద్దక్కకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మాత్రలు రోజురోజుకు తగ్గిస్తూ కొన్ని వారాలు వేయాలి. మధ్యలో మానేసినా, మాత్రలతో పాటు మళ్లీ సీసా ఎత్తినా ప్రమాదమే. ఇంట్లో ఒక్కరికైనా సంగతి తెలిసి ఉండాలి. "కోడలికన్న చెప్పనీయి" అని రెండు రోజులు బతిమాలింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఆమె అనుమతి లేకుండా చెప్పడానికి లేదు. చెప్పకుండా పంపితే ఆ అవ్వ మళ్లీ ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. పెద్దక్క ఆ రెండు రోజులూ చాయ్ కూడా సగంలో వదిలేసింది.

శనివారం మధ్యాహ్నం కొడుకు వరండాలో మా మీద విరుచుకుపడ్డాడు. వారం రోజులుగా బిగబట్టిన కోపం.

"కాలు కాలిందని తోల్కొస్తే పిచ్చిదాన్ని చేసిండ్రు! హైదరాబాద్ పంపుతమంటిరి, మళ్ల వద్దంటిరి. చేతులు కట్టేస్తరా? ఆమె మనిషి కాదా? అసలేమయిందో ఒక్కలన్న చెప్తున్నరా?"

వరండా అంతా మా చుట్టూ మూగింది. పెద్దక్క చేతులు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు.

"తప్పు మాదే తమ్మీ. చేర్చుకున్ననాడు అడగాల్సింది అడగలే. చేతులు గూడ కట్టొద్దుండె. అవ్వకు మాఫీ అడిగిన. నిన్ను గూడ అడుగుతున్న."

"ఎవ్వలు రాసిండ్రు ఆ కాయితం? పేరు చెప్పుండ్రి. పెద్ద డాక్టరుకు రాసిస్త."

"వార్డు నాది. నా పేరు రాయి."

నేను ఆమె వెనకే ఉన్నాను, చేతిలో ట్రే. ఒక్క మాట, మీ అమ్మ రోజూ రెండు సీసాలు తాగుతుందన్న ఒక్క మాట అనేస్తే ఆ మనిషి నోరు మూతపడేది. ఆ వరండాలో తల వంచుకుని నిలబడాల్సింది అప్పుడు ఆయనే. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. ఆమె దాన్ని కదిలించలేదు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఎవరితోనూ ఒక మాట పడని మనిషి, నా కోసం, ఆ అవ్వ కోసం, అందరి ముందూ మాటలు పడింది. నేను ట్రే పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఈ రోజుకీ ఆ నిలబడడం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన వెళ్లాక నేనే ఆమె దగ్గరికి పోయాను.

"అక్కా, గుడ్డల రూముకు వస్తవా?"

వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది.

"నేను అడగలే అక్కా. అడిగిన అని నీకు అబద్ధం చెప్పిన."

"తెల్సు."

"తెల్సా? మరి అననే అనకపోతివి?"

"నేనంటే నువ్వు ఒప్పుకునేదానివి. నీ అంతట నువ్వు చెప్పినట్టు కాకపోతుండె."

ఏడుపు ఆగలేదు. మా బాపమ్మ సంగతి, హాస్టలు సంగతి, అన్నీ చెప్పాను. విన్నది. వింటూనే ఒక దుప్పటి మడత సరిచేసింది. అప్పుడు నాకు అసలు భయం బయటపడింది.

"ఆయన కాయితం రాసిస్తే నా నౌకరి పోతది అక్కా. వచ్చే నెలనే కాంట్రాక్టు అయిపోతది."

పోదులే, నేను చూసుకుంటా అంటుందని అనుకున్నాను. ఆమె అలా అనలేదు.

"పోవచ్చు. పోకపోవచ్చు. అది నా చేతుల లేదు బిడ్డా" అంది. "ఆయన దగ్గరికి పో. నీది నువ్వు చెప్పు. అవ్వది మాత్రం చెప్పకు."

తర్వాత నాకు మెమో వచ్చిందీ, నౌకరి మిగిలిందీ వేరే సంగతి. ఆ మధ్యాహ్నం నాకు అదేమీ తెలియదు. మెట్ల దగ్గరికి పోయాను. ఆయన ఒక్కడే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసుకుంటున్నాడు.

"అన్నా, ఆ కాయితం నింపింది నేను. ఎవ్వల్ని అడగకుండ రాసిన. చేతులు కట్టింది గూడ నేనే. అప్పటికి పెద్దక్క ఇంక డ్యూటీకే రాలే. నా పేరు రాయుండ్రి."

నా పేరు చెప్పాను. ఆయన రాసుకున్నాడు. రాసి, పెన్ను ఆపి, తల ఎత్తాడు.

"ఏం అడగాల్సుండె?"

"అది నేను చెప్పరాదన్నా."

ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు మెల్లగా నా మీంచి పక్కకు, కింద ఆసుపత్రి ఆవరణలోకి పోయింది. కాగితం మడిచాడు.

"నేను గూడ అడగలే సిస్టర్" అన్నాడు. "ఎన్నేండ్లాయె. ఒక్క ఇంట్ల ఉంటం, వాసన రాదా? కమిటీల కూసుండి మందికి జుర్మానాలు ఏసిన. మా అవ్వను మాత్రం అడగబుద్ధి కాలే."

నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాసేపటికి ఆయనే, "ఒక్కసారి ఆమెతోటి మాట్లాడొచ్చునా?" అని అడిగాడు.

లోపలికి పోయి పెద్దక్కకు చెప్పాను. ఆమె అవ్వ మంచం దగ్గరికి పోయి వంగింది.

"అవ్వా, నీ కొడుకు నీతోటి మాట్లాడ్తడట. నేను చెప్పలే, ఈ పిల్ల చెప్పలే. ఆయనకు ముందుగాలనే ఎర్కనట."

అవ్వ పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. కంటి చివర నీళ్లు చెవిలోకి కారాయి. తుడుచుకోలేదు.

"రమ్మను" అంది.

"నన్ను పొమ్మంటవా, ఉండమంటవా?"

"నువ్వుండు బిడ్డా."

పెద్దక్క డ్యూటీ అయిపోయి అప్పటికే గంట దాటింది. ఆయన వచ్చాడు, నేను బయటికి వచ్చేశాను. ఆమె ఉంది.